పొర దాటితేనే జీవక్రియ: ఏకకణ పరాన్నజీవుల కణాంగాల్లో రవాణా ప్రోటీన్ల పని

(అనంతపురంలో జీవశాస్త్రం పీజీ విద్యార్థులకు, పశువైద్య సిబ్బందికి ఇచ్చిన ఉపన్యాసం. చివర్లో అడిగిన ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

బోర్డు మీద ఉన్న బొమ్మ మీ పుస్తకాల్లో ఉన్నదే. బయట ఎర్రరక్త కణం, దాని లోపల మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ఫాల్సిపారమ్, మళ్ళీ దాని లోపల ఎపికోప్లాస్ట్, మైటోకాండ్రియా, ఫుడ్ వాక్యూల్ అనే కణాంగాలు. వీటి మధ్య బాణాలు గీసి ఉంటాయి. పైరువేట్ ఇటు, ఫాస్ఫేట్ అటు. పరీక్షకు చదివేటప్పుడు మనం ఎంజైముల పేర్లు బట్టీ పడతాం కానీ బాణాల్ని పట్టించుకోం. ఫాస్ఫేట్ అతుక్కుని ఉన్న అణువుకు ఋణావేశం ఉంటుంది, అది కొవ్వుపొరను తనంతట తాను దాటదు. కాబట్టి బాణం ఎక్కడ పొరను దాటినా అక్కడ ఒక ప్రోటీన్ ఉండి తీరాలి. ఆ ప్రోటీన్ ఏదో, దేన్ని ఇచ్చి దేన్ని తీసుకుంటుందో తెలియనంత వరకు ఆ పటం పూర్తయినట్టు కాదు. ఈ రోజు మాట్లాడేది ఆ బాణాల గురించే.

ముందు పొరలు లెక్కపెడదాం. రక్తంలోని చక్కెరలో ఉన్న కార్బన్ ఎపికోప్లాస్ట్ నడిమధ్యకు చేరాలంటే ఎన్ని పొరలు దాటాలి? ఎర్రరక్త కణం పొర ఒకటి. పరాన్నజీవి తన చుట్టూ కట్టుకున్న సంచి పొర రెండు. దాని సొంత కణపొర మూడు. ఎపికోప్లాస్ట్‌కు పొరలు నాలుగు. మొత్తం ఏడు. మొదటి పొర దగ్గర గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే మన కణం ప్రోటీన్ గ్లూట్ 1 ఉంది. సంచి పొరలో చిన్న అణువుల్ని పెద్దగా ఎంచకుండా వదిలే రంధ్రాలున్నాయి. మూడో పొరలో పరాన్నజీవి సొంత హెక్సోజ్ రవాణా ప్రోటీన్ పీఎఫ్‌హెచ్‌టీ ఉంది. అక్కడితో గ్లూకోజ్ ప్రయాణం అయిపోతుంది. కణద్రవ్యంలో గ్లైకాలిసిస్ దాన్ని ముక్కలు చేస్తుంది, మిగిలిన నాలుగు పొరలు దాటేవి ఆ ముక్కలే.

ఎర్రరక్త కణం పొర దగ్గరే ఇంకో సంగతి చూడండి. పరాన్నజీవి పెరిగేకొద్దీ ఆ పొరలో కొత్త దారులు తెరుస్తుంది. ల్యాబ్‌లో దీన్ని మీరు కళ్ళారా చూడొచ్చు. కల్చర్‌ను 5 శాతం సార్బిటాల్ ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచితే ముదిరిన దశలైన ట్రోఫోజోయిట్లు, షైజాంట్లు ఉన్న కణాలు పగిలిపోతాయి, లేతదైన రింగ్ దశలో ఉన్నవి మిగులుతాయి. ముదిరిన కణాల్లో ఆ కొత్త దారుల గుండా సార్బిటాల్ లోపలికి దూరుతుంది, దాని వెంట నీరు చేరి కణం ఉబ్బి పగులుతుంది. రింగుల్లో ఆ దారులు ఇంకా తెరుచుకోలేదు. అన్నీ ఒకే వయసు పరాన్నజీవులు కావాలన్నప్పుడు ప్రతి మలేరియా ల్యాబ్ చేసే పని ఇదే. ఇది పూర్తిగా రవాణా మీద ఆధారపడిన పద్ధతి.

ఇక ఎపికోప్లాస్ట్. ఇది ఒకప్పటి ఎర్రశైవలం మిగిల్చిన ప్లాస్టిడ్. శైవలాన్ని ఇంకో కణం మింగింది కాబట్టే నాలుగు పొరలు. దాని సొంత డీఎన్‌ఏ 35 వేల బేస్ జతలు మాత్రమే, అందులో ఒక్క రవాణా ప్రోటీన్ జన్యువూ లేదు. పొరల్లో కూర్చునే ప్రోటీన్లన్నీ కేంద్రకం జన్యువుల నుంచి తయారై బయటి నుంచి రావలసిందే. దీనికి పచ్చదనం లేదు, కిరణజన్య సంయోగక్రియ లేదు. అంటే తన కార్బన్ తాను చేసుకోలేదు, శక్తినిచ్చే అణువు ఏటీపీని కూడా తాను చేసుకోలేదు.

మన చెనక్కాయ ఆకులో హరితరేణువు పగలంతా ట్రయోస్ ఫాస్ఫేట్ (మూడు కార్బన్ల చక్కెరకు ఫాస్ఫేట్ అతికింది) తయారుచేసి బయటికి పంపుతుంది. లోపలి పొరలోని ట్రయోస్ ఫాస్ఫేట్ రవాణా ప్రోటీన్ దాన్ని బయటికి వదిలి, బదులుగా ఒక ఫాస్ఫేట్‌ను లోపలికి తీసుకుంటుంది. ఒకటికి ఒకటి, అంతే. ఖాళీగా ఉన్నప్పుడు ఈ ప్రోటీన్ ఇటు నుంచి అటు తిరగలేదు. ఏదో ఒకటి పట్టుకుంటేనే తిరుగుతుంది, అందుకే మార్పిడి తప్పదు. ఎపికోప్లాస్ట్‌లో ఉన్నది ఈ కుటుంబం ప్రోటీనే, కానీ పని తిరగబడింది. ఇక్కడ గ్లైకాలిసిస్ ముక్కలైన ట్రయోస్ ఫాస్ఫేట్, ఫాస్ఫోఇనాల్ పైరువేట్ లోపలికి వస్తాయి, ఫాస్ఫేట్ బయటికి పోతుంది. ప్రోటీన్‌కు ఫలానా దిక్కు అని ఏమీ లేదు. ఏ పక్క ఏది ఎక్కువుందో దాన్ని బట్టి దిక్కు తేలుతుంది. పచ్చదనం పోయాక ఎక్కువ తక్కువలు తారుమారయ్యాయి, పాత ప్రోటీన్ కొత్త పనికి సరిపోయింది. పరిణామంలో ఇంత పొదుపైన మలుపు మరొకటి చూపించమంటే నాకు వెంటనే తట్టదు.

ఫాల్సిపారమ్‌లో ఇవి రెండున్నాయి. పీఎఫ్‌ఓటీపీటీ అన్నిటికంటే బయటి పొరలో, పీఎఫ్‌ఐటీపీటీ అన్నిటికంటే లోపలి పొరలో. లోపలిదానికి ముందుభాగంలో ఎపికోప్లాస్ట్‌కు దారిచూపే పొడుగాటి సంకేత భాగం ఉంది, బయటిదానికి లేదు. ప్లాస్మోడియంకు బంధువైన టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవిలో ఈ రకం ప్రోటీన్ ఒక్కటే, ఏపీటీ 1. దాన్ని తీసేస్తే పరాన్నజీవి బతకదు.

లోపలికొచ్చిన సరుకు ఏమవుతుంది? ఫాస్ఫోఇనాల్ పైరువేట్ నుంచి పైరువేట్ కైనేజ్ అనే ఎంజైము ఒక పైరువేట్‌ను, ఒక ఏటీపీని ఇస్తుంది. అంటే ఒకే అణువు కార్బన్‌నూ శక్తినీ కలిపి మోసుకొస్తోంది. పైరువేట్, గ్లిసరాల్డిహైడ్ 3 ఫాస్ఫేట్ (ఒక ట్రయోస్ ఫాస్ఫేట్) కలిసి డీఆక్సీజైలులోజ్ ఫాస్ఫేట్ అవుతాయి, అక్కడి నుంచి వరసగా నడిచి ఐసోపెంటెనైల్ పైరోఫాస్ఫేట్, అదే ఐపీపీ. ఈ దారిలో రెండో ఎంజైమునే ఫాస్మిడోమైసిన్ అనే మందు అడ్డుకుంటుంది.

ఇప్పుడు కాగితం తీయండి, ఒక్క ఐపీపీకి ఫాస్ఫేట్ లెక్క వేద్దాం. ఈ లెక్క మీ చేత్తో మీరు వేస్తేనే రవాణా ఎందుకు అంత ముఖ్యమో అర్థమవుతుంది.

ఒక ఐపీపీకి ఒక ట్రయోస్ ఫాస్ఫేట్, ఒక పైరువేట్ కావాలి. దారిలో ఏటీపీ లాంటిదే అయిన ఒక సీటీపీ ఖర్చయి సీఎంపీగా మిగులుతుంది, ఒక ఏటీపీ ఏడీపీ అవుతుంది. సీఎంపీని తిరిగి సీటీపీ చేయాలంటే మరో రెండు ఏటీపీలు. మొత్తం మూడు ఏటీపీలు, అంటే మూడు ఫాస్ఫోఇనాల్ పైరువేట్‌లు రావాలి. ట్రయోస్ ఫాస్ఫేట్ ఒకటి కలిపితే లోపలికొచ్చినవి నాలుగు. ఒక్కోదానికి ఒక ఫాస్ఫేట్ చొప్పున బయటికి నాలుగు పోవాలి. లోపల విడుదలైన ఫాస్ఫేట్ ఎంత? సీటీపీ నుంచి విడిపోయిన పైరోఫాస్ఫేట్ విరిగితే రెండు. మిగతా రెండు ఐపీపీలో చిక్కుకుని దానితోపాటే బయటికి పోతాయి. అంటే మార్పిడికి నాలుగు కావాలి, చేతిలో రెండే ఉన్నాయి. ప్రతి ఐపీపీకి రెండు ఫాస్ఫేట్‌లు లోటు. ఈ లోటు తీరకపోతే కొద్దిసేపట్లోనే లోపల ఫాస్ఫేట్ అయిపోతుంది, మార్పిడి ఆగుతుంది, కార్బన్ రావడం ఆగుతుంది. న్యూక్లియోటైడ్లు (ఏటీపీ, సీటీపీ లాంటివి) పొర దాటవనుకుని వేసిన లెక్క ఇది. కాబట్టి ఫాస్ఫేట్ లోపలికి రావడానికి ఇంకో దారి ఉండాలి, లేదా న్యూక్లియోటైడ్ల రూపంలోనైనా రావాలి. అలాగే వచ్చిన పైరువేట్ మూడు, వాడింది ఒకటి. మిగిలిన రెండింటికి బయటికి పోయే దారో, లోపలే మరో పనో ఉండాలి. చూశారా, రెండు ప్రోటీన్లు దొరికాయి కదా అని బొమ్మ ముగించడానికి లేదు. ఇంకెన్ని వెతకాలో ఈ లెక్కే చెబుతోంది.

ఇంత ఖర్చూ ఒక్క ఐపీపీ కోసమేనా? రక్తదశలో అవును. 2011లో వచ్చిన ప్రయోగం దీన్ని తేల్చింది. కల్చర్‌లో 200 మైక్రోమోలార్ ఐపీపీ కలిపితే ఎపికోప్లాస్ట్ పూర్తిగా పోయినా ఫాల్సిపారమ్ పెరుగుతూనే ఉంది. కాలేయ దశలో మాత్రం కొన్ని జాతులకు అక్కడి కొవ్వు ఆమ్లాల తయారీ కూడా కావాలి. ఐపీపీ నుంచే ఎలక్ట్రాన్లను మోసే యూబిక్వినోన్ తోక తయారవుతుంది, ఆ యూబిక్వినోన్ మైటోకాండ్రియాకు చేరాలి. రక్తదశలో మైటోకాండ్రియాకున్న ముఖ్యమైన పని పిరిమిడిన్ తయారీలో డైహైడ్రోఓరొటేట్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను అందుకోవడం. మలేరియా మందు అటోవాక్వోన్ దెబ్బ కొట్టేది ఆ ఎలక్ట్రాన్లను చేతులు మార్చే గొలుసులోని సైటోక్రోమ్ బి మీదే. మన సంకర జాతి ఆవులకు థైలీరియా వస్తే వేసే బుపర్వాక్వోన్ దెబ్బ కూడా అక్కడే.

మూడో కణాంగం ఫుడ్ వాక్యూల్. ఎర్రరక్త కణంలోని హీమోగ్లోబిన్‌లో సగానికి పైగా ఇక్కడ జీర్ణమవుతుంది. లోపల పీహెచ్ 5కు కాస్త పైన ఉంటుంది. పొర మీద కూర్చున్న ప్రోటీన్ పీఎఫ్‌సీఆర్‌టీ: 424 అమైనో ఆమ్లాలు, పొరను పది సార్లు దాటే మడతలు. ట్రయోస్ ఫాస్ఫేట్ ప్రోటీనూ ఇదీ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి, అందులోనూ మడతలు పదే. హీమోగ్లోబిన్ విరిగి వచ్చిన చిన్న పెప్టైడ్లను కణద్రవ్యంలోకి చేరవేయడం దీని అసలు పని.

మలేరియా మందు క్లోరోక్విన్ బలహీన క్షారం. ఆవేశం లేనప్పుడు పొర దాటి వాక్యూల్‌లోకి వెళ్తుంది, ఆమ్లంలో రెండు ప్రోటాన్లు పట్టుకుని అక్కడే చిక్కుకుంటుంది. కణద్రవ్యానికీ వాక్యూల్‌కూ పీహెచ్ తేడా రెండు యూనిట్లు అనుకుంటే, రెండు ప్రోటాన్లకు పదికి నాలుగో ఘాతం, అంటే సిద్ధాంతం ప్రకారం పది వేల రెట్లు పోగవుతుంది. హీమోగ్లోబిన్ విరిగినప్పుడు మిగిలే హీమ్ పరాన్నజీవికి విషం. పోగైన మందు దాన్ని హానిలేని హీమోజోయిన్ స్ఫటికంగా మారనివ్వదు, ఆ హీమే పరాన్నజీవిని చంపుతుంది. పీఎఫ్‌సీఆర్‌టీలో 76వ స్థానంలో లైసిన్ ఉన్నంత కాలం దాని ధనావేశం, ధనావేశమే ఉన్న క్లోరోక్విన్‌ను దగ్గరికి రానివ్వదు. లైసిన్ పోయి థ్రియోనిన్ వస్తే ఆ అడ్డు తొలగుతుంది, మందు వాక్యూల్ నుంచి బయటికి కారిపోతుంది. 76తోపాటు మరికొన్ని స్థానాలూ మారితేనే ఇది నిలుస్తుంది. మన దేశంలో 72 నుంచి 76 వరకు ఎక్కువగా కనిపించే వరస సెరిన్, వాలిన్, మెథియోనిన్, ఆస్పరజిన్, థ్రియోనిన్. 2019లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో పీఎఫ్‌సీఆర్‌టీ నిర్మాణం తేల్చిన 7జీ8 అనే ఫాల్సిపారమ్ రకంలోనూ ఆ చోట అదే వరస.

మనదేశంలో క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారమ్ మొదట 1973లో అస్సాంలో బయటపడింది. ఇప్పుడు ఫాల్సిపారమ్‌కు ఆర్టెమిసినిన్ కలిపిన మందులు ఇస్తున్నాం, మరో మలేరియా జాతి వైవాక్స్‌కు క్లోరోక్విన్ ఇంకా వాడుతున్నాం. ఆఫ్రికాలో మాలావి 1993లో క్లోరోక్విన్ వాడకం ఆపేసింది. కొన్నేళ్ళలో లైసిన్ ఉన్న పాత రకం మళ్ళీ పైకొచ్చింది. మందు లేనప్పుడు మారిన ప్రోటీన్ ఉన్న పరాన్నజీవి పోటీలో వెనకబడుతుంది. మందును బయటికి పంపేలా మారిన ప్రోటీన్ తన రోజువారీ పనిలో కొంత నష్టపోయింది. నిరోధకతకు ఏం ధర చెల్లించిందో తెలియాలంటే ఆ ప్రోటీన్ అసలు పనేమిటో ముందు తెలియాలి. రవాణా పరిశోధన ఆసుపత్రికి ఉపయోగపడే చోటు ఇదని నా నమ్మకం.

పశువైద్య మిత్రులు ఎదురుచూస్తున్న సర్రా దగ్గరికి వస్తాను. గేదెల్లో, గుర్రాల్లో, గాడిదల్లో సర్రా తెచ్చే ట్రిపనోసోమా ఎవాన్సీ రక్తంలో ఉన్నంత కాలం గ్లైకాలిసిస్ మీదే బతుకుతుంది. ఆ గ్లైకాలిసిస్ మొదటి ఏడు మెట్లు గ్లైకోసోమ్ అనే కణాంగంలో జరుగుతాయి. ఈ కణాంగాన్ని ఆపర్‌డూస్, బోర్స్ట్ 1977లో దగ్గరి బంధువైన ట్రిపనోసోమా బ్రూసీలో చూపించారు. లోపల రెండు ఏటీపీలు ఖర్చు, రెండు ఏటీపీలు తిరిగి జమ, నికరం సున్నా. లాభం వచ్చేది బయట పైరువేట్ కైనేజ్ దగ్గరే.

ఇందులో విచిత్రం, ఈ జీవిలో చక్కెరకు ఫాస్ఫేట్ అతికించే ఎంజైములైన హెక్సోకైనేజ్‌కు గానీ ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్‌కు గానీ మన కణాల్లో ఉన్నట్టు గట్టి కళ్ళెం లేదు. కళ్ళెం పని పొర చేస్తోంది. లోపలున్న ఏటీపీ, లోపల తయారైనంతే. అది అయిపోతే చక్కెరకు ఫాస్ఫేట్ అతికించడం ఆగుతుంది. ఎంజైములు గ్లైకోసోమ్‌లోకి చేరకుండా చేసిన ప్రయోగాల్లో బ్రూసీ గ్లూకోజ్ ఉన్నప్పుడే చచ్చిపోయింది. బయటి ఏటీపీ చేతికందగానే ఆ రెండు ఎంజైములు అదుపు లేకుండా చక్కెర ఫాస్ఫేట్‌లు పోగేశాయి. అందువల్ల ఈ పొర ఏటీపీని వదలకూడదు, కానీ చక్కెర రావాలి, 3 ఫాస్ఫోగ్లిసరేట్ పోవాలి, ఫాస్ఫేట్ రావాలి. లోపల తయారైన ఎన్‌ఏడీహెచ్ (ఎలక్ట్రాన్లను మోసే అణువు) మీది ఎలక్ట్రాన్లను వదిలించుకోవడానికి గ్లిసరాల్ 3 ఫాస్ఫేట్ మైటోకాండ్రియా దాకా వెళ్ళి డైహైడ్రాక్సీఅసిటోన్ ఫాస్ఫేట్‌గా తిరిగి రావాలి. చిన్నవి పోయే రంధ్రాలు, పెద్దవాటికి ప్రత్యేక ప్రోటీన్లు, రెండూ కలిసి ఆ ఎంపిక చేస్తాయి.

ఎంటమీబా హిస్టోలిటికా గురించి క్లుప్తంగా. జిగట విరేచనాలు తెచ్చే ఈ అమీబాలో మైటోకాండ్రియా కుంచించుకుపోయి మైటోసోమ్ అయింది. అది ఏటీపీ తయారుచేయదు, బయటి నుంచి ఏటీపీని తెప్పించుకుంటుంది. మన మైటోకాండ్రియాలో ఏటీపీని బయటికి పంపే క్యారియర్ కుటుంబమే ఇక్కడ లోపలికి తెస్తుంది. ఆ ఏటీపీతో సల్ఫేట్‌ను క్రియాశీలం చేస్తుంది, దాని నుంచి వచ్చే కొలెస్టెరిల్ సల్ఫేట్ సిస్టు (గట్టి గోడ కట్టుకున్న దశ) కట్టుకోవడానికి అవసరం. నీళ్ళలో వ్యాపించేది ఆ సిస్టే.

ఇక ల్యాబ్ పని. ఒక ప్రోటీన్ దేన్ని మోస్తుందో ఎలా తేల్చాలి? జన్యువు వరస చూసి చెప్పింది ఊహ మాత్రమే. ఫాస్ఫేట్ మార్పిడి ప్రోటీన్లకు లిపోసోమ్ (కొవ్వుపొరతో చేసిన చిన్న బుడగ) పద్ధతి నమ్మకమైనది. ప్రోటీన్‌ను కణాలు లేని గోధుమ మొలక సారంలో గానీ ఈస్ట్‌లో గానీ తయారుచేస్తారు. సోయా లిపిడ్లతో లిపోసోములు చేసేటప్పుడే లోపల సుమారు 20 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ నింపుతారు. ప్రోటీన్ కలిపి, గడ్డకట్టించి కరిగించి, కొద్దిగా సోనికేట్ చేస్తే, అంటే ధ్వని తరంగాలతో కదిపితే, పొరలో కూర్చుంటుంది. తర్వాత సెఫడెక్స్ కాలమ్ గుండా పంపి బయట మిగిలిన ఫాస్ఫేట్‌ను తీసేయాలి. ఇప్పుడు రేడియోధార్మిక ఫాస్ఫేట్ గానీ ఫాస్ఫోఇనాల్ పైరువేట్ గానీ కలిపి, సెకన్ల తేడాతో నమూనాలు తీసి, పైరిడాక్సల్ ఫాస్ఫేట్‌తో ఆపి, అయాన్ మార్పిడి కాలమ్ గుండా పంపితే బయటి సరుకు కాలమ్‌కు అతుక్కుంటుంది, లోపలికి పోయింది మాత్రమే కిందికి వస్తుంది.

తప్పులు జరిగేది మూడు చోట్ల. బయటి ఫాస్ఫేట్ పూర్తిగా పోకపోతే అది పోటీకొచ్చి రేటు తక్కువ చూపిస్తుంది. లిపోసోములు కారితే ప్రోటీన్ లేకపోయినా రవాణా ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే లోపల ఏమీ నింపని లిపోసోములు, ప్రోటీన్ లేని లిపోసోములు, రెండూ పక్కనే పెట్టుకోవాలి. మూడోది, ప్రోటీన్ కొంత తిన్నగా, కొంత తలకిందులుగా కూర్చుంటుంది. కాబట్టి ఈ పద్ధతిలో లోపలికా బయటికా అని తీర్పు చెప్పకండి, దేనికి దేన్ని మారుస్తుందో మాత్రమే చెప్పండి.

పీఎఫ్‌సీఆర్‌టీకి కప్ప అండాలు వాడతారు. ప్రోటీన్‌ను లోపలే ఆపేసే సంకేతాలను ముందు తీసేస్తేనే అది అండం పైపొరకు చేరుతుంది. అక్కడ వాక్యూల్ లోపలి ముఖం అండం బయటికి తిరిగి ఉంటుంది. అంటే అండం లోపలికి చేరిన మందు, పరాన్నజీవిలో వాక్యూల్ నుంచి బయటికి కారే మందుకు సమానం. దీన్ని తిరగేసి చదివితే నిర్ధారణ మొత్తం తలకిందులవుతుంది.

బతికున్న పరాన్నజీవిలో పరీక్షించాలంటే జన్యువును మందుతో నియంత్రించేలా మార్చి, ఆ మందు తీసేస్తారు. పెరుగుదల ఆగితే పక్క గిన్నెలో 200 మైక్రోమోలార్ ఐపీపీ కలిపి చూడాలి. ఐపీపీతో కోలుకుంటే ప్రోటీన్ పని ఎపికోప్లాస్ట్‌కు సంబంధించినదే. ఐపీపీ 37 డిగ్రీల దగ్గర నిలవదు, ప్రతిరోజూ మీడియం మార్చాలి. మార్చకపోతే కోలుకోలేదని తప్పు ఫలితం వస్తుంది. పరాన్నజీవి ఎర్రకణాల్లో పెరిగే చక్రాలు కనీసం రెండు, అంటే 96 గంటలు చూడాలి. అదే సమయంలో ఎపికోప్లాస్ట్ డీఎన్‌ఏకూ కేంద్రక డీఎన్‌ఏకూ నిష్పత్తిని క్యూపీసీఆర్‌తో కొలవాలి. ఆ నిష్పత్తి పడిపోతే కణాంగమే పోయిందన్నమాట. అప్పుడు రవాణా ఆగి కణాంగం పోయిందా, కణాంగం పోయి రవాణా ఆగిందా అన్నది ఈ ఒక్క ప్రయోగంతో చెప్పలేం.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ఒక విద్యార్థిని: మేడమ్, మనుషుల్లో ఎపికోప్లాస్ట్ లేదు కదా. ఆ ట్రయోస్ ఫాస్ఫేట్ ప్రోటీన్‌కు మందు చేస్తే మనకు హాని ఉండదా?

ప్లాస్టిడ్ లేదు నిజమే, కానీ ఆ ప్రోటీన్ కుటుంబం మనలోనూ ఉందమ్మా. గాల్జీ పొరల్లో న్యూక్లియోటైడ్ చక్కెరల్ని మోసేవి అదే పెద్ద కుటుంబానికి చెందినవి. కాబట్టి మందు వాటిని ముట్టదని పరీక్షించి తీరాలి. ఇంకో చిక్కుంది. లోపలి పొరలోని ప్రోటీన్‌ను చేరాలంటే మందు ముందు అన్ని పొరలూ దాటాలి. ఫాస్ఫేట్‌ను పోలిన అణువు తయారుచేస్తే ప్రోటీన్‌కు బాగానే అతుక్కుంటుంది, కానీ ఆవేశం వల్ల కణంలోకే రాదు. పరీక్షనాళికలో అడ్డుకుందని సంబరపడకుండా ఎర్రరక్త కణాల్లో కల్చర్ మీద కూడా చూడాలి.

ఒక పశువైద్యుడు: సర్రాకు బెరెనిల్ వేసినా కొన్ని గేదెల్లో మళ్ళీ తిరగబెడుతోందండి. దీనికీ రవాణాకూ సంబంధం ఉందా?

ఉందండి. బెరెనిల్‌లోని మందు డైమినజీన్ తనంతట తాను ట్రిపనోసోమ్‌లోకి పోదు. ప్యూరిన్లను తెచ్చుకోవడానికి ఉన్న పీ2 అనే రవాణా ప్రోటీన్ దాన్ని పొరపాటున లోపలికి తెస్తుంది. ఆ జన్యువు పాడైతే పరాన్నజీవికి పెద్ద నష్టం లేదు, ప్యూరిన్లకు వేరే దారులున్నాయి. మందు మాత్రం లోపలికి చేరదు. ఎవాన్సీలో ఈ జన్యువును అణచి చూసినప్పుడు డైమినజీన్ ప్రభావం తగ్గింది. సర్రాకు వాడే మరో మందు సురామిన్ లోపలికి పోయే దారి వేరు, పైపొర ప్రోటీన్‌కు అతుక్కుని కణం మింగితే పోతుంది. అందువల్ల పీ2 పోయినంత మాత్రాన సురామిన్ ఆగదు.

కానీ తిరగబెట్టిన ప్రతి కేసునూ నిరోధకత అనకండి. మొదట మోతాదు చూడండి. కిలో బరువుకు 3.5 మిల్లీగ్రాములు అన్నప్పుడు, 450 కిలోల గేదెను చూపు అంచనాతో 300 అనుకుంటే మూడో వంతు మందు తగ్గిపోయినట్టే. ఛాతీ చుట్టుకొలత టేపుతో కొలిచి బరువు కట్టండి. రెండోది, గేదెల్లో రక్తంలో పరాన్నజీవుల సంఖ్య తక్కువ, ఒక్క స్మియర్‌లో కనబడలేదని లేదనుకోవద్దు. సన్న గొట్టంలో రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి, ఎర్రకణాల పైన తెల్లగా పేరుకునే పొర అంచున మైక్రోస్కోప్ కింద కదలిక వెతకండి. మోతాదు సరిగ్గా పడి, సర్రాను మోసుకొచ్చే అడవి ఈగల నుంచి కొత్తగా సోకే వీల్లేకుండా కట్టేసిన పశువులోనూ మళ్ళీ కనిపిస్తే, అప్పుడు ఆ రక్తం నమూనాను పీ2 జన్యువు పరీక్షకు పంపండి.